తలుపు కొట్టే కోడలు

పొద్దున్నే ఆ ఇంట్లో ఉరుకులు పరుగులు. టీచరమ్మ ఒక చేత్తో టిఫిన్ డబ్బాలు సర్దుతూ, ఇంకో చేత్తో నవల తిరగేస్తోంది. దూరదేశం వెళ్లిన ఒక అతిథి, తన మర్యాద తాను పాటించబోయి ఆ ఇంటివాళ్లనే నొప్పించే కథ అది. పరాయి సంస్కృతులు అర్థం కావాలని తరగతిలో పిల్లలచేత అదే చదివిస్తోంది. పైగా ప్రాజెక్టు కూడా ఇచ్చింది: ఇంట్లో ఒక అలవాటును పట్టుకుని, దాని అర్థమేమిటో ఇద్దరిని విడివిడిగా అడిగి రావాలి.

ఇంతమందికి పాఠం చెప్పే ఈవిడకు సొంత అత్తగారు మాత్రం కొరకరాని కొయ్య! పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడది ముభావమే. ఇవాళ మరీ విడ్డూరంగా సంచీలో బట్టలు కుక్కుతోంది.

టీచరమ్మ టక్‌టక్‌మని తలుపు కొట్టి, "రావచ్చా అత్తయ్యా?" అంది.

"వచ్చి చేసేదేముంది? మా అమ్మాయి దగ్గరికి పోతున్నా. ఇక అక్కడే ఉంటా."

"నేనేం తక్కువ చేశానండీ?" అంటూ టీచరమ్మ లోపలికి వచ్చింది.

"తక్కువేం లేదు తల్లీ, అంతా ఎక్కువే. మరీ అంత మర్యాద నేను తట్టుకోలేను."

అమ్మ తరగతిలోనే చదివే కూతురు, అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, మూతి తుడుచుకుంటూ ఊడిపడింది.

"నా ప్రాజెక్టు ఇదేనమ్మా! నానమ్మని నిన్ననే అడిగేశా, నువ్వే మిగిలావు. నానమ్మ గదికి తలుపెందుకు కొడతావు?"

"అదేం ప్రశ్నే? మా పుట్టింట్లో కొట్టకుండా పెద్దవాళ్ల గదిలోకి వెళ్తే మా నాన్న చెవి మెలేసేవారు. అది గౌరవం! మా అమ్మ గదికైనా అంతే."

బట్టలు కుక్కుతున్న అత్తగారి చేయి ఆగింది. "కన్నతల్లి గదికి కూడానా? మా ఇళ్లల్లో తలుపు కొట్టేది పాలవాడూ, పోస్టుమానూ. ఇన్నేళ్లూ నన్ను పరాయిదాన్ని చేశావనే కుమిలిపోయాను కదే!"

"ఒక్కసారి అడిగి ఉండొచ్చుగా అత్తయ్యా!"

"బాగుంది! నేనెందుకు ముభావంగా ఉన్నానో నువ్వు అడిగావా?"

అడగలేదు. తరగతి మొత్తాన్నీ ఇంటింటా అడిగి రమ్మని పంపిందే గానీ, తన ఇంట్లో తాను నోరు విప్పలేదు. టీచరమ్మ ఇక ఆపుకోలేక అత్తగారి ఒళ్లో తలపెట్టి ఏడ్చేసింది. ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"ఊరుకో, ఏడుపు మొహంతో బడికెళ్తే పిల్లలు నవ్వుతారు. ఏమే పిడుగూ, ఆ నవల్లో అతిథి చివరికేమయ్యాడు?"

"చెప్పను. చదువుకో."

"ఇటివ్వు అయితే. అది పూర్తయ్యాకే ప్రయాణం. అసలే నాది నత్తనడక చదువు."

టీచరమ్మ కళ్లు తుడుచుకుని నవల ఆవిడ చేతిలో పెట్టింది. "నిదానంగానే చదవండి అత్తయ్యా. అదయ్యాక ఇంకోటి తెస్తాను."