పదిమంది ఆరోగ్యవంతులు

ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నాడన్న మాటేగానీ, ముళ్ల మీద ఉన్నట్టే ఉన్నాడు.

"ల్యాబ్ ఫ్రీజర్‌లోంచి ఒక పెట్టె పోయింది మేడమ్. పదిమంది ఆరోగ్యవంతుల రక్తం. రోగుల రక్తాన్ని దాంతో పోల్చే, ఏ మందు వెయ్యాలో మేం తేల్చాం. సోమవారం ఆసుపత్రివాళ్లు ఆ పెట్టెని మళ్లీ పరీక్షించాలి. అది అయితేగానీ అరవైమంది రోగులకి మందు మొదలుపెట్టరు."

"అనుమానం ఎవరి మీద?"

"మా కంప్యూటర్ కుర్రాడి మీద. ఫలితాలు తప్పని నాతో గొడవపడ్డాడు. సాయంత్రానికి ఉద్యోగంలోంచి తీసేస్తున్నాను."

డిటెక్టివ్ ల్యాబ్‌కి బయల్దేరింది. నాలుగేళ్లుగా ఆవిడ దగ్గరే అసిస్టెంటుగా ఉన్న మేనల్లుడు వెంట నడిచాడు.

ల్యాబ్‌లో ఒక గది రక్తాలు చూసేవాళ్లది, పక్కది కంప్యూటర్లవాళ్లది. మధ్యలో తలుపుంది, తీసే నాథుడే లేడు.

"గొడవెందుకు?" కుర్రాణ్ణి నిలదీశాడు మేనల్లుడు.

"పదిమంది ఫలితాలూ అచ్చుగుద్దినట్టున్నాయండి. చెబితే, నీ ప్రోగ్రామే తప్పన్నారు."

"ఆ కోపంతో పెట్టె మాయం చేశావన్నమాట."

కుర్రాడి మొహం పాలిపోయింది.

అవతలి గదిలో అత్తయ్య చిన్న ఫ్రిజ్ తెరిచింది. పది జ్యూస్ ప్యాకెట్ల కట్ట. పైన చుట్టిన కవరు కూడా చింపలేదు.

"ఇవెవరికి?"

"రక్తమిచ్చినవాళ్లకి, నీరసం రాకుండా," అంది అక్కడ రక్తాలు తీసే టెక్నీషియన్.

గది ఉక్కపోస్తోంది. అందరూ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు. టెక్నీషియన్ మాత్రం మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంది.

మధ్యాహ్నం అత్తయ్య అందర్నీ కూర్చోబెట్టింది.

"సోమవారం పరీక్ష జరిగితే నెగ్గేది కుర్రాడి మాటే. తను కూర్చున్న కొమ్మ తనే ఎందుకు నరుక్కుంటాడు? పరీక్షకి భయపడింది వేరొకరు. పదిమంది రక్తమిచ్చారట, ఒక్కరూ జ్యూస్ తాగలేదు. ఎందుకంటే ఎవరూ రాలేదు. పదిమంది ఫలితాలూ ఒకటే. ఎందుకంటే ఆ రక్తం ఒక్క మనిషిది. ఇంత ఉక్కలోనూ చేతులు కప్పుకున్న మనిషిది."

టెక్నీషియన్ మెల్లగా చొక్కా చేయి పైకి లాగింది. మోచేతి వంపు నిండా సూది మచ్చలు.

"పెట్టె మా ఇంట్లో ఉంది," అంది. "నా తప్పు బయటపడుతుందని కొంత భయం. పరీక్ష ఆగితే ఆ మందు ఎవరికీ వెయ్యరు కదా అని కొంత."

"ఇంత మోసమా?" అన్నాడు ప్రొఫెసర్.

"శుక్రవారంలోగా పదిమందిని తెస్తావో పుట్టిస్తావో నాకు తెలీదన్నారు కదా సార్. కాళ్లావేళ్లా పడ్డాను. ఎవరూ రాలేదు."

ప్రొఫెసర్ తల దించుకుని ఫోన్లో ఆసుపత్రి నంబరు వెతకసాగాడు. పొద్దున తనన్న మాట గుర్తొచ్చి మేనల్లుడికీ కుర్రాడి వంక చూసే మొహం లేకపోయింది.

"నీ ఉద్యోగం పోతోందని తెలిసీ నేను నోరు మెదపలేదు తమ్ముడూ," అంది టెక్నీషియన్.

కుర్రాడు ఆ మచ్చలనే చూస్తూ అన్నాడు.

"ఒక్కమాట అడిగితే నేనిచ్చేవాణ్ణి కదక్కా. మా గదిలో ఎనిమిదిమందిమి ఉన్నాం."

అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.