గట్టు మీద నీడ

ఆదివారం పొద్దున్న డాక్టరమ్మ లేచి వచ్చేసరికి కొత్త వంటింట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి గానీ నాన్న లేడు. పళ్ళ డాక్టరుగా ఆమెకు ఎంత పేరున్నా, ఇంట్లో మాత్రం గరిటె పట్టడం రాని పిల్లే. అమ్మ పోయాక వంటంతా నాన్నదే. బతుకంతా కుట్టుమిషను ముందు గడిపిన ఆ దర్జీ, దుకాణం మూసేసి కూతురి ఇంటికి వచ్చి, కత్తెర పట్టిన చేత్తోనే కూరగాయల కత్తి పట్టాడు. "మామయ్యగారి వంట తిన్నాక హోటలు తిండి గడ్డిలా ఉంటోంది" అని అల్లుడు అనని వారం లేదు.

ఆమె బాల్కనీ తలుపు తీసింది. పెద్దాయన చిన్న పీట మీద కూర్చుని, ఒళ్ళో చెక్క పెట్టుకుని బీన్స్ తరుగుతున్నాడు. ఎదురింటివాళ్ళు టీ తాగుతూ తీరిగ్గా ఇటే చూస్తున్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మళ్ళీ ఇక్కడేనా నాన్నా? లోపల అంత వంటగట్టు పెట్టుకుని!"

"ఇక్కడ గాలి బాగుందమ్మా."

"రోజూ గాలేనా? ఇవాళ మా క్లినిక్ వాళ్ళు భోజనానికి వస్తున్నారు. వంటిల్లు చూద్దామనే వస్తున్నారు. నువ్వేమో దిక్కులేనివాడిలా పీటేసుకుని బయట కూర్చుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పోనీలేవే, ఆయనకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ..." అన్నాడు భర్త లోపలినుంచి.

"మీరు ఊరుకోండి! ఆ పాత ట్యూబులైటు తీయించానని నన్ను సాధిస్తున్నాడు. నాకు తెలీదా?"

నాన్న చేతిలో కత్తి ఆగింది. వంటిల్లు మార్చేటప్పుడు ఆయన అడిగింది అదొక్కటే. గట్టు పైన గోడకున్న ట్యూబులైటు ఉండనివ్వమని. "పట్టుచీరకు గోనెగుడ్డ అతుకు వేస్తావా నాన్నా?" అని నవ్వేసిందామె. ఎక్కడో చూసిన ఫోటోలోలాగే, సీలింగులోకి దిగిపోయే గుండ్రటి ఎల్ఈడీ లైట్లు కావాలంది. గది నడిమధ్య రెండు వరసలు, గీత గీసినట్టు ఉండాలంది. లైట్ల దుకాణంలో పసుపుపచ్చ వెలుగూ తెల్ల వెలుగూ పక్కపక్కనే వేసి, ఏది బాగుందని పెద్దాయన్ని అడిగారు. "రెండూ ఒకలాగే ఉన్నాయి కదా" అన్నాడాయన. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

"సాధించడమేంటి తల్లీ? లోపలే తరుగుతాలే" అని ఆయన చెక్క చంకన పెట్టుకుని లేచాడు.

గెలిచినందుకు సంతోషం కలగకపోగా, మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. దాన్ని పట్టించుకోకుండా కంచాలు సర్దడంలో పడింది. అంతలో వంటింట్లోంచి కత్తి కింద పడ్డ చప్పుడు.

పరుగున వెళ్ళింది. ఆయన ఎడమచేతి వేలు పిడికిట్లో నొక్కిపట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"ఏం లేదమ్మా, గీరుకుంది అంతే."

"చూడనీ!"

ఎడంచేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి అలవాటుగా నెత్తిమీదకి లేచింది. క్లినిక్‌లో అయితే అక్కడ లైటు ఉంటుంది. కుర్చీలో ఎవరు పడుకున్నా ముందు ఆ లైటు సర్దుకుని, తన నీడ వాళ్ళ నోట్లో పడటం లేదని చూసుకున్నాకే పని మొదలుపెడుతుంది. ఇక్కడ చేతికి ఏమీ తగల్లేదు. తల తిప్పి చూసింది. లైట్లన్నీ వెనక, గది మధ్యలో, అందంగా వరసకట్టి ఉన్నాయి. గట్టు మీద చెక్క, బీన్స్, నెత్తుటి చుక్కలు, అన్నీ నాన్న నీడలోనే ఉన్నాయి.

ఊరందరి నోళ్ళలో నీడ పడకుండా చూసుకునే మనిషి, కన్నతండ్రి చేతి కింద చీకటి పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది లైట్ల దుకాణంలో ఆయనన్న మాట. తెల్లదారం తెస్తే, "ఇది పాలతెలుపు కాదు, బూడిద తెలుపు" అని కొట్టువాడితో పోట్లాడి మార్పించుకొచ్చే మనిషికి ఆ రెండు వెలుగులూ ఒకలా కనిపించాయి. తను డాక్టరయి ఉండీ నవ్వింది.

"నాన్నా, కళ్ళు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాయి?"

ఆయన తల వంచుకున్నాడు. "అన్నీ పసుపునీళ్ళలో ముంచి తీసినట్టు ఉంటున్నాయమ్మా. ఎండలో అయితే కాస్త నయం."

"నాకెందుకు చెప్పలేదు?"

"సూదిలోకి దారం ఎక్కడం ఎప్పుడో మానేసింది. కత్తి కూడా చేతకాదంటే ఇక ఈ ఇంట్లో నాకేం పని? ఊరికే కూర్చుని తినమంటావా?"

వేలికి కట్టు కడుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు వంట చేస్తావని ఉంచుకున్నానా నాన్నా? అలా అనుకునేలా చేశానా నిన్ను?"

అల్లుడు గుమ్మంలోనే ఆగి, గొంతు సవరించుకున్నాడు. "భోజనాలు బయటినుంచి తెప్పిస్తాను. ఈ పూటకి గడ్డే తిందాం మామయ్యగారూ."

రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. సాయంత్రమే కళ్ళ డాక్టరుతో మాట్లాడింది. పొర కమ్మి ఉంటుందనీ, చిన్న ఆపరేషనుతో పోతుందనీ ఆయన ధైర్యం చెప్పాడు. గట్టు పైన అలమార కిందుగా పొడుగు లైటు ఒకటి బిగించే ఏర్పాటూ చేసింది. అయినా నేరం చేసినట్టే ఉంది. లైటు బిగించుకోవచ్చు, ఆ నవ్వు మాత్రం ఎలా వెనక్కి తీసుకుంటుంది?

తెల్లారి నాన్న బాల్కనీలోకి వెళ్ళబోతుంటే అడ్డం నిలబడింది. క్లినిక్‌లో తను తలకు పెట్టుకునే చిన్న లైటును ఆయన నుదుటికి కట్టి, పట్టీ బిగించింది.

"కొత్త లైటు వచ్చేదాకా ఇదే. నిన్ను చేతకానివాడన్నవాళ్ళ పళ్ళు రాలగొడతాను. మళ్ళీ నేనే కట్టాల్సి వస్తుంది గానీ."

"బొగ్గుగనిలోకి దిగేవాడిలా ఉన్నాను కదే!" ఆయన నవ్వుతూ తలెత్తాడు. వెలుగు సూటిగా కూతురి మొహం మీద పడింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"కళ్ళు అలా వాచాయేమ్మా?"

"ఉల్లిపాయలు నాన్నా."

ఆయన చెక్కవైపు చూశాడు, మళ్ళీ ఆమెవైపు చూశాడు.

"ఇంకా ఒక్కటీ తరగలేదు కదమ్మా" అంటూ, కట్టున్న వేలితోనే ఆమె చెంపలు తుడిచాడు.