పాల పక్కన తెల్ల డబ్బా

వాన మొదలైందో లేదో గేటు ముందు బైక్ ఆగింది.

"గీత వాళ్ళ ఇల్లు గిదేనా అమ్మా?"

నెత్తి మీంచి నీళ్ళు కారుతున్న పిలగాడు. ఒక తెల్ల డబ్బాను మాత్రం తడవకుండా చంటిపిల్లలా అంగీలో దాచుకుని నిలబడ్డాడు. గీత పేరు వినగానే సుశీల గేటు దగ్గరికి ఉరికింది. బిడ్డ రోజూ స్కూటీ మీద కోరుట్లకు పోయి పురుగుమందుల షాపులో బిల్లులు కొడుతుంది. స్కూటీ, వాన, లారీ... సుశీల మనసులోకి అప్పుడే అంబులెన్స్ కూడా వచ్చేసింది.

"ఏమైంది నా బిడ్డకు?"

"ఏం కాలేదమ్మా. గీ డబ్బా మీ ఫ్రిజ్‌ల పెట్టాలె. ఇండ్ల బ్యాక్టీరియా ఉన్నది."

సుశీల కొంగుతో ముక్కు మూసుకుంది.

అప్పుడే బైక్ వెనక స్కూటీ ఆపిన గీత పకపకా నవ్వింది. "అమ్మా, మా షాపు ముంగట నిలవడి, మందు గంత ఎక్కువ కొట్టకుండ్రని రైతులకు చెప్పి మా బేరం చెడగొట్టిన మనోహర్ సారు గీయనే. నీ బ్యాక్టీరియాకు దమ్ముంటే మా మక్కచేన్ల చూపియ్ అని నేనే అన్న. నిజంగనే పట్టుకొచ్చిండు!"

"మాటన్నంక రావాలె గద," అన్నాడు మనోహర్. మాట అయిపోయింది గానీ చూపు మాత్రం గీత దగ్గరే ఉండిపోయింది.

సుశీల అది చూసింది. డబ్బా కన్నా ఈ చూపే ప్రమాదం అనుకుంది.

పిలగాడిది సిరిసిల్ల. ఇంట్లో బట్ట నేసే సాంచాలు నడుస్తాయి. తను జగిత్యాలలో చేను పురుగుల మీద పరిశోధన చేస్తున్నాడు. చాయ్ తాగుతూ గీత తండ్రి రాజేశం అడిగాడు. "గీ నీళ్ళతోని కత్తెర పురుగు ఎట్ల సస్తది?"

"పురుగు పేగు లోపలి పొర, సాంచ మీద నేసిన బట్ట లెక్క గట్టిగుంటది మామా. గీ బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎంజైమ్ గా పొర పోగుల్ని తెంపుతది. దీనికి రవ్వంత మందు కలిపినా చాలు."

మామా అనగానే సుశీల చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. గీత గోడ వైపు తిరిగి దగ్గింది.

అయినా సుశీలకు లోపల చిన్న ఆశ. పోయినేడు ఘాటు మందు కొడుతూ రాజేశం చేనులోనే తూలి పడ్డాడు. అప్పటి నుంచి అతను పంపు భుజానికెత్తుకున్న రోజు ఆమెకు ముద్ద దిగదు. ఈ నీళ్ళు పనిచేస్తే ఆ ఘాటు తప్పుతుంది. కానీ బ్యాక్టీరియా అంటే రోగమే కదా!

మర్నాడు ఇల్లు ఖాళీ కాగానే ఫ్రిజ్ తెరిచింది. పాల పక్కన డబ్బా. ఆ ఇంట్లో పాలైనా నీళ్ళైనా మరగనిదే ఎవరి నోటికీ చేరవు. క్రిములను పచ్చిగా మొగుడి వీపుకెత్తుతుందా? పాత గిన్నెలో పోసి, తెర్లేదాకా కాచి, చల్లార్చి, మళ్ళీ డబ్బాలో పోసి మూత బిగించింది. అప్పటికి గాని ప్రాణం కుదుటపడలేదు.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక ఆ నీళ్ళలో రవ్వంత మందు కలిపి కొట్టారు. పురుగులు చూసే నెపంతో మనోహర్ రోజూ వచ్చాడు. చూపించే నెపంతో గీత రోజూ చేనుకు పోయింది. చినుకులు పడితే ఇద్దరూ ఒకే గొడుగులో వంగి మక్క మొవ్వుల్లోకి తొంగి చూశారు.

వారం తిరిగేసరికి పురుగులు ఇంకా బలిశాయి.

"రేపు ఘాటు మందే కొడ్త," అన్నాడు రాజేశం.

మనోహర్ ముఖం వాడిపోయింది. "చేన్ల పనిచేస్తేనే పరిశోధనల ముందుకు పోదామన్నరు మా గైడ్ మేడం. అయిపోయింది. ఇగ రాను గీతా."

"ఎందుకు రావు?"

"ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

"గా మొఖమే! ఇంకోటున్నదా నీకు?" అంటూ గీత నవ్వబోయి చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

గడపలో నిలబడ్డ సుశీలకు అంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ బిడ్డ ఎక్కడ మనసిస్తుందోనని భయం. ఇప్పుడు ఆ మనసు ఎక్కడ విరుగుతుందోనని. పైగా రేపు మళ్ళీ ఆ ఘాటు మందు.

"బాధపడకు కొడుకా," అంది దగ్గరికి వచ్చి. "నీ తప్పేం లేదు. నువ్వు తెచ్చింది తెచ్చినట్టు గూడ కొట్టలే. మంచిగ తెర్లబెట్టే ఇచ్చిన!"



"తెర్లబెట్టినవా?" అన్నాడు రాజేశం.

"క్రిములుంటయి గదా!"

మనోహర్ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. తర్వాత నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. "ఉడకబెట్టిన గుడ్డుకు పిల్ల లేస్తదా అమ్మా? ఎంజైమ్ గూడ గంతే! మామా, ఘాటు మందు ఆపుండ్రి. ఒక్కసారి... ఒక్కసారి పచ్చిది కొట్టి చూద్దాం."

"ఆయనకేమన్న అయితదా?" సుశీల మొగుడి వైపు చూస్తూ అడిగింది.

మనోహర్ నవ్వు ఆపాడు. "మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు తొడిపిస్త. ఈసారి పంపు నేనే ఎత్తుకుంట."

రెండో డబ్బా దగ్గరికి సుశీల పొయ్యిని రానివ్వలేదు. కొట్టిన నాలుగైదు రోజులకు మొవ్వుల్లో పురుగులు మేత మాని మెత్తబడి వేలాడాయి. పాత ఆకుల చిల్లులు అలాగే ఉన్నాయి గానీ, కొత్తాకు చిల్లు లేకుండా విచ్చుకుంది. రాజేశం ఆ ఆకును నిమిరి చూసి, "పని చేసింది రా అల్లుడా," అనేసి నాలిక కరుచుకున్నాడు.

గీత సిగ్గుతో చేను లోపలికి పరుగెత్తింది.

సుశీలకు సిరిసిల్ల దూరం గుర్తొచ్చింది. కులం వేరు, సాంచాల చప్పుడులో బిడ్డకు నిద్రెట్లా? మబ్బు మళ్ళీ కమ్ముతోంది. మనోహర్ బైక్ ఎక్కాడు.

"ఆగు. మీ అమ్మ నంబరియ్యి."

పిలగాడు తెల్లబోయాడు. "ఎందుకమ్మా?"

"గీ వానల నువ్వు ఇల్లు చేరినవో లేదో ఎవర్నడగాలె?"

"ఇయ్యాల్టికేనా?"

"రోజూ!" అంది సుశీల విసుగ్గా. "ఇగ నీ గురించి గూడ నేనే భయపడాలె గద!"