పున్నమి ఘాట్ చేరకూడని బిళ్ళ

ఉండవల్లి గుహల్లో, పై అంతస్తులో, పడుకున్న అనంతపద్మనాభస్వామి పాదాల దగ్గర ఒక స్తంభానికి ఆనుకుని ఫిలిప్ చచ్చిపోయాడు.

ఆ సంగతి తెలియడానికి చాలాసేపు పట్టింది. గుహ లోపల చల్లగా ఉంటుంది. మెట్లెక్కి అలసిన వాళ్ళు అక్కడ కునుకు తీయడం మామూలే. ఒక కుటుంబం అతని పక్కన నిలబడి సెల్ఫీ కూడా దిగింది. చివరికి ఒక కోతి వచ్చి అతని చేతిలో అరటిపండు లాక్కుపోయింది. పండు పోయినా మనిషి కదల్లేదు. అప్పుడు చూశారు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ ఉంది.

ఫోనొచ్చేటప్పటికి ఏజెంట్ కిరీటి హోటల్లో ఇడ్లీ తింటున్నాడు. విన్నాడు. ఫోన్ పక్కన పెట్టాడు. మిగిలిన ఇడ్లీ తిన్నాడు, చట్నీ కూడా ఊడ్చాడు. ఫిలిప్‌తో కలిసి అతను చాలా ఊళ్ళు తిరిగాడు, ఒకే గదిలో పడుకున్నాడు, ఒకే దుప్పటి కోసం పోట్లాడాడు. ఏదైనా అనిపిస్తుందేమో అని కాసేపు కూర్చున్నాడు. ఏమీ అనిపించలేదు. చెయ్యి కడుక్కుని ఆటోనగర్ బయల్దేరాడు.

డిపార్ట్‌మెంట్‌కి ఆటోనగర్‌లో ముసుగుగా స్పేర్ పార్టుల షాపు ఒకటి ఉంది. కౌంటర్లో ఒకావిడ కూర్చుంటుంది.

"అంబాసిడర్‌కి ఏసీ గ్యాస్కెట్ ఉందాండి?"

"అంబాసిడర్లే లేవు, దానికి గ్యాస్కెట్టేంటండి?"

"పోనీ పడవకుండేది ఇవ్వండి."

ఆవిడ తలెత్తకుండానే వెనక తలుపు చూపించింది. "లోపలున్నారు. పొద్దుట్నించి కాఫీ కూడా తాగలేదు. కాస్త చూసి మాట్లాడండి."

వెనక గదిలో టైర్ల మధ్య చీఫ్ వెంకటసుబ్బారావు ఉన్నాడు. కిరీటి మొహంలోకి కాసేపు చూశాడు.

"ఏమన్నా అంటావేమోనని చూస్తున్నా."

"ఏమనాలి సార్?"

"సర్లే. కూర్చో. కమడోర్ అనే విదేశీ గూఢచారి నడిపే రింగ్‌లో మన మనిషి ఒకరున్నారు. కోడ్‌నేమ్ జామచిలక. ఆడో మగో నాకూ తెలీదు. ఢిల్లీలో ఒక్క డైరెక్టర్‌కి తెలుసు. ఆ ఆఫీసులోనే ఎవడో గడ్డి తిన్నాడు. జామచిలక ఫోటో ఒకటి అమ్మేశాడు."

"నెట్‌లో పంపేశారా?"

"పంపితే మనం పట్టుకుంటామని వాళ్ళకి తెలుసు. అందుకే చేత్తో పంపుతున్నారు. బోలు పదిరూపాయల బిళ్ళ. లోపల చిప్. ఈ రోజే పున్నమి ఘాట్‌లో కమడోర్ చేతికి వెళ్తుంది. అతను పడవలో ఉంటాడు. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్, మనం ముట్టుకోలేం. బిళ్ళ చేరిందంటే పొద్దుగూకేలోపు జామచిలక పోయినట్టే."

"మోసుకెళ్ళేదెవరు?"

"అదే ఫిలిప్ కనుక్కోబోయాడు." చీఫ్ టేబుల్ మీద వేళ్ళు ఆడించాడు. "వీళ్ళ పద్ధతి తెలుసుగా. మొన్న మొగల్రాజపురం గుహలు, అంతకుముందు కొండపల్లి ఖిల్లా. అన్నీ చూడ్డానికొచ్చే చోట్లే. టూరిస్టుని ఎవడూ అనుమానించడు. ఈసారి ఉండవల్లిలో తీసుకుని, నగర దర్శనం వ్యాన్‌లో బ్యారేజీ దాటి వస్తారు. అంతవరకే తెలుసు. కొరియర్‌కి లోపల ఏముందో తెలీదు."

సామాన్లు ఇచ్చాడు. తెల్ల జుట్టు, మందపాటి కళ్ళజోడు, చేతికర్ర. చెవిటి మిషన్, అందులోంచి చీఫ్ గొంతు వినపడుతుంది. ఒక పెన్ను.

"ఇది రాయదు. క్యాప్ తీసి గుచ్చితే ఏనుగైనా పడిపోతుంది. క్యాప్ ఎడమకి తిప్పి తీస్తే కాసేపటికి లేస్తుంది. కుడికి తిప్పితే లేవదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "బిళ్ళ ఘాట్ చేరకూడదు కిరీటీ. కొరియర్ చేరినా చేరకపోయినా."

"అలాగే సార్."

"ఇంకోటి. జామచిలక ప్రాణం మీదకొస్తే ఒక మాట అంటుంది. 'కొండపల్లి బొమ్మకి జ్వరమొచ్చింది' అని. నువ్వు 'రంగేస్తే తగ్గుద్ది' అనాలి. నావంక అలా చూడకు. ఢిల్లీ వాళ్ళు పెట్టిన కోడు."

*

నగర దర్శనం వ్యాన్‌లో ముసలి వేషం వేసిన కిరీటితో కలిపి పదిమంది దాకా ఉన్నారు. గైడ్ సీతారావమ్మ మైకులో దంచేస్తోంది.

"నాలుగంతస్తులండీ, మొత్తం కొండని తొలిచారు. లోపల స్వామివారు ఒకే రాయి. అతుకు చూపిస్తే నా జీతం మీకిచ్చేస్తా. చెప్పులు పైన విప్పాలండీ, కింద కాదు. కింద విప్పితే కోతులు తీసుకుపోతాయి, మా కంపెనీకి సంబంధం లేదు."

కిరీటి కర్ర పొడుచుకుంటూ పైకెక్కాడు. ఫిలిప్ ఆనుకున్న స్తంభం చూశాడు. ఇప్పుడక్కడ ఒక పిల్ల కూర్చుని పాప్‌కార్న్ తింటోంది. స్వామి పాదాలు నున్నగా మెరుస్తున్నాయి. మళ్ళీ కాసేపు నిలబడి చూసుకున్నాడు. లోపల ఏమీ కదల్లేదు. దిగొచ్చాడు.

కిందకొచ్చాక దొరికింది అతనికి కావలసింది.

వ్యాన్‌లో ఒక కొత్త జంట ఉంది. భర్త లక్ష్మీకాంత్, భుజాన కెమెరా సంచి, సినిమాలు చూసి నేర్చుకున్న తెలుగు. భార్య రుచిత, సింగపూర్‌లో పుట్టి పెరిగిందట. నల్లకళ్ళద్దాలు, ఆకుపచ్చ షిఫాన్ చీర, నడుస్తుంటే మగవాళ్ళు మెట్లు తప్పుతున్నారు. ఆమె కోతుల కోసం అరటిపళ్ళు కొంది. పళ్ళవాడు చిల్లర ఇస్తూ ఒక బిళ్ళని విడిగా, బొటనవేలితో నొక్కి మరీ అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మిగతా చిల్లరతో కలిపి పర్సులో వేసేసింది. మంచి పనితనం. బిళ్ళని బిళ్ళల్లోనే దాచాలి. కిరీటి మళ్ళీ చూసేసరికి పళ్ళబండి ఉంది, పళ్ళవాడు లేడు.

"ఆకుపచ్చ చీర," అన్నాడు కిరీటి పెదాలు కదలకుండా. "పక్కన కాపలా ఒకడు."

"ఘాట్ మెట్ల మీద పని కానిచ్చెయ్," అంది చెవిలో చీఫ్ గొంతు. "కుడికి తిప్పు."

వ్యాన్ కదిలింది. కిరీటి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. అతని పక్కన శౌరమ్మ అనే పెద్దావిడ, ఒళ్ళో సంచి, అందులో మజ్జిగ సీసా, కొవ్వొత్తుల కట్ట. టూరులో ఆఖరు స్టాపు గుణదల మేరీమాత కొండ కాబట్టి ఎక్కానని, మిగతావన్నీ దారిలో తగిలేవని ఆవిడే చెప్పింది. చెవిటి మిషన్ చూసి గట్టిగా అరిచి చెప్పింది.

"అన్నయ్యగారూ, చెవుడు పుట్టుకతోనా, మధ్యలో వచ్చిందా?"

"పెళ్ళయ్యాకండి."

"మా ఆయనక్కూడా అంతే. నేను మాట్లాడితేనే వినపడేది కాదు. పేకాట పిలుపు మాత్రం పక్క వీధిలోంచి వినపడేది." ఆవిడ ముందుకి వంగి రుచిత భుజం తట్టింది. "ఏమ్మా, పిల్లలెప్పుడు?"

రుచిత నవ్వి ఇంగ్లీషులో ఏదో అంది. లక్ష్మీకాంత్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు చూసి శౌరమ్మ కూడా నోరు మూసుకుంది.

సీతానగరం దాటి వ్యాన్ బ్యారేజీ ఎక్కింది. ముందు ట్రాఫిక్ ఉంది, నడక వేగంతో పోతోంది. ఎడమ పక్క నిండు కృష్ణ. వ్యాన్‌లో ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా అందరి చేతులూ జేబుల్లోకి, బొడ్లోకి, హ్యాండ్‌బ్యాగుల్లోకి పోయాయి. డ్రైవర్ స్టీరింగ్ ఒక చేత్తో పట్టుకుని రూపాయి బిళ్ళ నదిలోకి విసిరాడు. సీతారావమ్మ మైకు చంకలో పెట్టుకుని విసిరింది.

"మీరు కూడానా?" అన్నాడు కిరీటి, కొవ్వొత్తుల కట్ట వంక చూస్తూ.

"మా ఫాదర్‌గారు వద్దంటారనుకోండి," అంది శౌరమ్మ విసురుతూ. "నీళ్ళు తాగట్లా? ఆ మాత్రం ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?"

అప్పుడు ముందు సీట్లో కిటికీ పక్క ఆకుపచ్చ కొంగు కదిలింది. రుచిత ఫోన్ చూసుకుంటోంది. ఫోన్‌లోంచి కళ్ళు తీయలేదు. చెయ్యి పర్సులోకి వెళ్ళింది, ఒక బిళ్ళ బయటికొచ్చింది, రెయిలింగ్ మీదుగా ఎగిరి కిందకి పోయింది. ఆమె రెండు వేళ్ళు కళ్ళకి తాకి మళ్ళీ ఫోన్ మీదకి వచ్చాయి.

లక్ష్మీకాంత్ చూశాడు. ఊరంతా చేసే పిచ్చిపని ఈమె కూడా చేస్తోంది, నటన బాగుంది అనుకున్నట్టుంది, మొహం తిప్పుకున్నాడు.

కిరీటికి మాత్రం ఒక సంగతి అర్థమైంది. సింగపూర్ పిల్ల అలా విసరదు. గురి చూడకుండా, మణికట్టు తిప్పి, రెయిలింగ్ దాటేలా విసరాలంటే గౌను తొడుక్కునే వయసు నుంచి ఈ వంతెన మీద తిరిగి ఉండాలి. ఎక్కడి మనిషైతే అతనికేం? పని పనే. పెన్ను జేబులో చేతికి తగిలింది.

*

పున్నమి ఘాట్ దగ్గర వ్యాన్ ఆగింది.

"అరగంట బోటింగండీ. లైఫ్ జాకెట్టు వేసుకుంటే ఫోటో బాగా రాదని తీసెయ్యకండి."

మెట్ల చివర ఒక తెల్ల పడవ విడిగా ఉంది. అందులో టోపీ పెట్టుకున్న విదేశీ పెద్దమనిషి బైనాక్యులర్స్‌తో కొంగల్ని చూస్తున్నాడు. కొంగలు అటుపక్కన ఉన్నాయి. అతను మెట్లవైపు చూస్తున్నాడు. కమడోర్.

రుచిత, లక్ష్మీకాంత్ మెట్లు దిగుతున్నారు. కిరీటి వెనకాలే దిగాడు. పెన్ను తీశాడు. క్యాప్ కుడికి తిప్పాడు. ఇంకో మూరెడు దూరం. ఆమె మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉంది, దానికి పక్కన గుచ్చితే చాలు. అతని చెయ్యి వణకలేదు. వణికితే బాగుండునని కూడా అనిపించలేదు.

"ఆగు," అన్నాడు లక్ష్మీకాంత్ ఆమెతో. "ముందు టెస్ట్."

కెమెరా సంచి పట్టీకి ఒక అయస్కాంతం వేలాడుతోంది. అసలు పదిరూపాయల బిళ్ళ దానికి అంటుకోదు, బోలు బిళ్ళ అంటుకుంటుంది. ఆమె పర్సు అరచేతిలో బోర్లించింది. పదిరూపాయల బిళ్ళలు రెండున్నాయి. మొదటిది అంటుకోలేదు. రెండోది అంటుకోలేదు.

"ఇంకోటేది?"

ఆమె పర్సులోకి చూసింది. తర్వాత నది వంక చూసింది. వెనక నిలబడ్డ కిరీటికి కూడా అదే క్షణంలో గుర్తొచ్చింది.

"ఎక్కడ?"

"నదిలో."

"నదిలో ఏంటి?"

"వేసేశాను."

"ఎందుకు?"

ఆమె తన చేతి వంక చూసుకుంది. "అందరూ వేశారు," అంది.

లక్ష్మీకాంత్ కెమెరా సంచి ఆమె పక్కటెముకలకి ఆనించాడు. సంచిలో ఉన్నది కెమెరా కాదు. "నడువు. పడవలో ఆయనకి చెప్పుకో. నమ్ముతాడేమో."

కిరీటి ఆగిపోయాడు. బిళ్ళ ఘాట్ చేరలేదు. పని అయిపోయింది. ఆ ఇద్దరూ రింగ్ మనుషులు, వాళ్ళలో వాళ్ళు ఏం చేసుకున్నా అతనికి పనిలేదు. పెన్ను తిరిగిచ్చేసి సంతకం పెట్టాలి, అంతే. వెనక్కి తిరిగి రెండు మెట్లెక్కాడు కూడా.

మళ్ళీ దిగాడు. దిగుతూ క్యాప్ ఎడమకి తిప్పాడు. ఆమె ఒక కాలు అప్పటికే పడవ చెక్క మీద పెట్టింది. కమడోర్ చెయ్యి అందిస్తున్నాడు. సంచిలో పిస్టల్ సేఫ్టీ క్యాచ్ తీసిన చప్పుడు చిన్నగా వినపడింది.

ముసలాయన కాలు జారి లక్ష్మీకాంత్ మీద పడ్డాడు. అందరికీ అంతే కనపడింది. లక్ష్మీకాంత్ మోకాళ్ళు మడుచుకుని మెట్టు మీద కూలబడ్డాడు, సంచి నీళ్ళలోకి జారింది.

"అయ్యో, ఎండదెబ్బ!" శౌరమ్మ మజ్జిగ సీసాతో పరిగెత్తుకొచ్చింది. వెనకాల వ్యాన్ మొత్తం వచ్చింది, పకోడీల బండివాడు వచ్చాడు, కానిస్టేబుల్ వచ్చాడు. గాలి ఆడనివ్వండంటూ అందరూ మీద మీద పడ్డారు. కమడోర్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బైనాక్యులర్స్ పెట్టెలో పెట్టాడు. తెల్ల పడవ నిదానంగా నది మధ్యలోకి వెళ్ళిపోయింది.

రుచిత నల్లకళ్ళద్దాలు తీసి కిరీటి చేతిలో పెన్ను చూసింది. డిపార్ట్‌మెంట్ పెన్నని గుర్తుపట్టి అచ్చమైన బెజవాడ తెలుగులో అంది:

"కొండపల్లి బొమ్మకి జ్వరమొచ్చిందండి."

కిరీటి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత అన్నాడు. "రంగేస్తే తగ్గుద్ది."

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"మీదే ఊరు?"

"ఇదే. భవానీపురం. ఆ నీళ్ళట్యాంకు వెనక మా ఇల్లు. ఈ పనిలోకొచ్చాక మళ్ళీ అటు వెళ్ళలేదు." ఆమె పర్సు మూసింది. "బిళ్ళ పోయింది. అందులో ఏముందో చూసి ఢిల్లీకి పంపుదామనుకున్నానండి. కావాలని వెయ్యలేదు. బ్యారేజీ ఎక్కితే నా చెయ్యి నన్నడగదు. చాలా ముఖ్యమైనదా?"

"మీ ఫోటో," అన్నాడు కిరీటి.

ఆమె నది వంక చూసింది. కిరీటి పెన్ను క్యాప్ పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇందాక అది ఎటు తిరిగి ఉందో ఆమెకి చెప్పలేదు. కాసేపటికి అతనికి ఫిలిప్ గుర్తొచ్చాడు. దుప్పటి గుర్తొచ్చింది. అంతకుమించి ఏమీ లేదు, కానీ కళ్ళజోడు అద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "శెభాష్. ఢిల్లీ ఫోన్‌లో ఉంది. బిళ్ళని ఏ పద్ధతిలో ధ్వంసం చేశారో రిపోర్టులో రాయాలట. యాసిడా, మంటా?"

"కృష్ణలో వేశారు సార్."

"ఎవరు?"

"జామచిలకే."

"చిప్‌లో ఏముందో తెలిసి వేసిందా?"

"తెలీకుండానే సార్."

అవతల కాగితం చింపిన చప్పుడు వినపడింది. "దాన్ని నేను ఇంగ్లీషులో ఎలా రాయనయ్యా?"

"దండం కూడా పెట్టిందని రాయండి సార్," అన్నాడు కిరీటి, చెవిటి మిషన్ తీసి జేబులో వేసుకుంటూ. "వాళ్ళు దాని దగ్గరే బుర్ర గోక్కుంటారు, మిగతాది అడగడం వదిలేస్తారు."