పదకొండు గంటల టీ పరీక్ష

మోర్వెన్‌కు స్ట్రూవన్ అంటే ఒళ్ళు మంట. దానికి మొదటి కారణం కుర్చీ.

ఎడిన్‌బరోలోని ఆ నిఘంటువు ఆఫీసులో ఓ ఆనవాయితీ ఉంది. పదకొండు గంటల టీ దగ్గర, కొత్తవాళ్ళు తాము రాసిన అర్థాన్ని పదం చెప్పకుండా చదవాలి. మిగతావాళ్ళు ఆ పదమేమిటో చెప్పాలి. చేరిన వారంలోనే ఆమె, "నాలుగు కాళ్ళుండి, మనిషి కూర్చోవడానికి పనికొచ్చేది," అని చదివింది.

"గుర్రం," అన్నాడు అక్కడి పాత ఉద్యోగి స్ట్రూవన్, బిస్కట్ టీలో ముంచుతూ.

అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె ఏది చదివినా అతను ఏదో ఒక లొసుగు పట్టుకునేవాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ మళ్ళీ రాసేది. మళ్ళీ రాసింది బాగుండేది, అది ఇంకా మంట.

ఇవాళ ఆఖరి పరీక్ష. గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేకపోతే సాయంత్రానికి బల్ల ఖాళీ చేయాలి. ఆమెకు వచ్చిన పదం 'పిల్లో', అంటే తలగడ. వాళ్ళు తయారుచేసేది బడిపిల్లల నిఘంటువు; వరుస చివర పదం పట్టకపోతే దాన్ని ఎక్కడ విరవాలో కూడా అందులో చూపించాలి. 'పిల్-లో' అని చిన్న గీత పెట్టింది. మిగతావాళ్ళకు కనబడకుండా ఆ కాగితం చూసి, పెద్ద ఎడిటర్ మిసెస్ డంబార్ తలూపారు. "ఊఁ, ఇప్పుడు అర్థం."

"పడుకున్నప్పుడు తల కింద పెట్టుకునే మెత్తనిది."

"పిల్లో!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

స్ట్రూవన్ మాత్రం కప్పులోకి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మోర్వెన్‌కు అర్థమైపోయింది. ఇతగాడికి లొసుగు దొరికింది. దొరికీ మింగేస్తున్నాడు!

"చెప్పండి," అంది.

"ఏం లేదండీ. బాగుంది."

"నా మీద జాలా? అక్కర్లేదు. చెప్పండి."

అతను మిసెస్ డంబార్ వైపు, మోర్వెన్ వైపు మార్చి మార్చి చూసి, "ఒడి," అన్నాడు మెల్లగా. "అమ్మ ఒడి. అదీ మెత్తగానే ఉంటుంది కదా."

ఎవరూ నవ్వలేదు. మిసెస్ డంబార్ కప్పు కింద పెట్టారు. "నిజమే. టీ చల్లారేలోపు సరిచేయగలవా, అమ్మాయ్?"

మోర్వెన్ కళ్ళు మూసుకుంది. బుర్ర చురుగ్గా పనిచేస్తోంది.

"పడుకున్నప్పుడు తల కింద పెట్టుకోవడానికి, గుడ్డ సంచిలో ఈకలో దూదో కూరి చేసినది."

ఈసారి అందరూ స్ట్రూవన్ వైపే చూశారు. అతను ఒక్కో మాటా వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాడు.

"నాకేం దొరకలేదు," అన్నాడు. మొహం చేటంత అయింది.

"సోమవారం త్వరగా రా," అన్నారు మిసెస్ డంబార్. "పని బోలెడుంది."

సాయంత్రం మెట్ల దగ్గర వాన వెలుస్తుందని కాదు, అతని కోసం ఆగింది మోర్వెన్.

"పొద్దున ఎందుకు నోరు మూసుకున్నారు?"

"మీరు వెళ్ళిపోతారేమోనని. మీరు లేని టీ నాకెందుకండీ?" అనేసి, తన మాటకు తనే బెదిరిపోయాడు. "మీరంటే నాకు ఇష్టం. గుర్రం దగ్గర్నుంచీ."

ఆమెకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. తను రాసిన ప్రతి ముక్కనూ ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకెవరున్నారు?

"నువ్వు ఊరుకుంటే ఉద్యోగం వచ్చేది," అంది, తెలియకుండానే నువ్వులోకి దిగిపోయి. "కానీ అది నాది అనిపించేది కాదు. చాలా థాంక్స్, స్ట్రూవన్. నిజంగా."

ఆమే అతని చెయ్యి పట్టుకుంది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నా ఉద్యోగం నీ వల్లే నిలబడిందని అమ్మకు చెప్పాలి."

"నా వల్లే ఊడిపోబోయింది కూడా."

"అదీ చెబుతాను," అంది మోర్వెన్, చెయ్యి వదలకుండా.