పురిటిగదికి పూసిన మట్టి

మఠంపల్లి దగ్గరి ఆ ఊళ్లో గోడ మెత్తాలంటే సారమ్మే మెత్తాలి. అలాంటిది, మిర్యాలగూడలో కాపురమున్న సొంత కూతురు దీవెన తొలిచూలు కాన్పుకి వస్తోందంటే ఊరుకుంటుందా? ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున పేరుకున్న నల్ల పూడిక మట్టిని గంపలతో మోసుకొచ్చి, వెనకగది గోడలు నున్నగా మెత్తింది. మనవడో మనవరాలో కళ్లు తెరిచేది ఆ గదిలోనే కదా అని ఆమె మురిపెం.

ఆ చెరువులోకే పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు కాలువ వచ్చి కలుస్తుంది. నీళ్లు మాత్రం తేటగానే ఉండేవి. పైన పటారం, లోన లొటారం. ఆ చెరువులో మేసిన ఊరి మట్టయ్య గొర్రెలు వరసపెట్టి చచ్చాక ఎవరో ఆఫీసర్లు వచ్చి పరీక్ష చేశారు. సీసమంతా అడుగు మట్టిలో దిగబడి ఉందనీ, అది తల్లి నోట్లో పడితే కడుపులో బిడ్డకూ చేరుతుందనీ చెప్పి పోయారు.

ఆ మాట సారమ్మ చెవిన పడేసరికి దీవెన వచ్చి నెల దాటింది. తొలకరి కూడా పడింది. తడిసిన గోడ వాసనకి చూలింత ప్రాణం ఆగుతుందా? సారమ్మ పరుగున ఇంటికొచ్చి చూస్తే కూతురి పెదాల మీద నల్లటి మరక.

"ఎంత తిన్నవ్ బిడ్డా?"

"జరంతనే అమ్మా... రోజూ జరంత."

సారమ్మ తిట్టలేకపోయింది. దీవెన కడుపులో ఉన్నప్పుడు తనూ ఆ చెరువు మట్టే తిన్నది. అప్పటికి షెడ్డు లేదు.

దవాఖానలో నెత్తురు తీసుకుని, ఇక తిననివ్వకండని పంపేశారు. తిన్నదాని సంగతేమిటని అడిగితే నర్సు తర్వాతి పేరు పిలిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సారమ్మ వెనకగదికి తాళం వేసి కూతుర్ని ముందుగదిలో పడుకోబెట్టింది. చేతులారా పెట్టిన విషం కదా అని కుమిలిపోయింది.

పొద్దు గూకింది. వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఇంటినిండా తడిమట్టి వాసన, దానివెంటే తుప్పు వాసన. దీవెన కళ్లు మూసుకుని పక్కనే ఉంది.

వెనకగదిలో చప్పుడు.

చప్... చప్...

రొమ్ము అందిన పసిబిడ్డ చేసే చప్పుడు అది.

సారమ్మ తాళం తీసి ఫోన్ లైటు వేసింది. ఎవరూ లేరు. దీవెన గీకిన చోటు నిలబడితే అందే ఎత్తులో ఉంది. దాని కింద, నేలకి జానెడు పైన, ఇంకో గుంట. తడిగా ఉంది. పంటిగాట్లు లేవు. మెత్తటి చిగుళ్లు నొక్కిన అచ్చు మాత్రమే ఉంది. ఆమె చూస్తుండగానే అది ఇంకాస్త లోతయింది...

"అమ్మా..." గడపలో దీవెన, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గుసగుసగా అంది. "పొద్దుగాల్నుంచి లోపల కదుల్తలేదే."

గోడలో చప్పుడు ఆగిపోయింది.

సారమ్మ కూతురి పొట్ట మీద అరచేయి ఆనించింది. లోపల బిడ్డ కదిలింది. ఏసయ్యా, నీకు స్తోత్రం అనుకుంటూ ఆమె మోకాళ్ల మీద కూలబడి కూతురి పొట్టకి చెవి ఆనించింది.

చప్... చప్...