పుళ్ళు ఆమెవి, తుప్పు అతనిది

"ఆ చీము రంగు తప్పు" అంది ఎవరో అమ్మాయి.

లక్ష్మీపతి చేతిలో బ్రష్ ఆగిపోయింది. అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని ఆ హాబీ షాపుకి మూడేళ్ళుగా ప్రతి శనివారం వస్తున్నాడు. అక్కడ తెలుగు మాట వినపడటం అదే మొదలు. కాసేపటి క్రితమే అతను అమ్మతో ఫోన్లో మాట్లాడాడు. ఆ అమ్మాయి విన్నట్టుంది.

టేబుల్ మీద అతని సైన్యం బారులు తీరి ఉంది. బల్ల మీద ఆడుకునే యుద్ధాల ఆటలో అది ప్లేగు సోకిన సైన్యం. బొటనవేలంత బొమ్మలు. ఉబ్బిన పొట్టలు, చివికిన కవచాలు, ఒంటినిండా పుళ్ళు, వాటి మీద ఈగలు.

"ఆకుపచ్చగా ఉంటే భయంగా ఉంటుందని వేశాను" అన్నాడు.

"నిజం పుండు అలా ఉండదు. మధ్యలో యెల్లో, అంచుకి పింక్, బయట కొంచెం పర్పుల్."

"మీరు డాక్టరా?"

"నర్స్. వూండ్ కేర్. రోజూ పుళ్ళకి డ్రెస్సింగ్ చేస్తాను. నేను రేణు. నీ పేరు?"

"లక్ష్మీపతి."

"చాలా లాంగ్. షార్ట్‌గా ఏం పిలుస్తారు?"

"ఆఫీసులో లక్కీ అంటారు."

"లక్కీ మా నైబర్ వాళ్ళ కుక్క. పతి అనొచ్చా?"

"ఆ మాటకి అర్థం తెలుసా మీకు?"

"తెలీదు. ఏంటి?"

"లక్ష్మీపతి అనే పిలవండి" అన్నాడు అతను, అప్పటికే శుభ్రంగా ఉన్న బ్రష్‌ని మళ్ళీ నీళ్ళలో ముంచుతూ.

రేణు నవ్వి, ఎదురుగా కూర్చుని తన పెట్టె తెరిచింది. ఏడేళ్ళ వయసులో అమెరికా వచ్చిన పిల్ల. 'మీరు' అనే మాట ఆమె తెలుగులోంచి ఎప్పుడో జారిపోయింది. పెట్టెలో స్పాంజి మధ్య ఆమె బొమ్మలున్నాయి. ఆమెదీ ప్లేగు సైన్యమే.

అందులోంచి జెండా పట్టుకున్న ముసలి సైనికుడిని లక్ష్మీపతి వేళ్ళ మధ్యకి తీసుకున్నాడు. ఒక బుగ్గ సగం కుళ్ళిపోయింది. కానీ అతను చూసింది ఆ బుగ్గని కాదు, కళ్ళని. ఆవగింజంత కళ్ళు. చాలా దూరం నడిచి వచ్చి, ఇంకా నడవాల్సి ఉన్న మనిషి కళ్ళు. ఇంత చిన్న మొహంలో అంత అలసటని ఎలా పెట్టిందో అతనికి అంతు పట్టలేదు. తన సైనికులందరికీ అతను శిరస్త్రాణాలు తొడిగేవాడు, మొహాలు వేయడం రాక.

"ఎవరు నేర్పారు మీకు?"

"పేషెంట్లు" అంది రేణు. "కట్టు విప్పేటప్పుడు నేను పుండు చూస్తాను. వాళ్ళు నా ఫేస్ చూస్తారు, నాకు అసహ్యం వేసిందా అని. అందుకే ముందు వాళ్ళ కళ్ళలోకి చూడటం అలవాటు చేసుకున్నా. ఇక్కడ కూడా ముందు కళ్ళే వేస్తాను."

సోమవారం మీటింగ్‌లో మేనేజర్ ఏదో అడిగితే లక్ష్మీపతి "కళ్ళు" అన్నాడు.

అక్టోబర్ చివరి శనివారం షాపులో బొమ్మల పోటీ ఉంది. ఇద్దరూ కలిసి ఒక దృశ్యం తయారు చేద్దామనుకున్నారు. కూలుతున్న వంతెన, దాని మీద నడిచిపోయే ప్లేగు సైన్యం. పుళ్ళు, మొహాలు ఆమెవి. తుప్పు, కవచాలు, వంతెన అతనివి.

"నీ తుప్పు ముట్టుకుంటే టెటనస్ షాట్ కావాలనిపిస్తుంది" అంది ఒకరోజు.

ఇంతకంటే గొప్ప మెప్పు లక్ష్మీపతికి జీవితంలో దక్కలేదు. ఆరోజు వర్షం పడుతుంటే కారు దాకా ఒకే గొడుగులో నడిచారు. బొమ్మల పెట్టె తడవకుండా ఆమె మధ్యలో పట్టుకుంది. ఆ పెట్టె లేకపోతే బావుండుననీ, అది లేకపోతే ఈ నడక లేదనీ అతనికి ఒకేసారి తోచింది.

అక్టోబర్ మొదట్లో అతని తల్లి కృష్ణకుమారి గుడివాడ నుంచి వచ్చింది. రెండోరోజే డైనింగ్ టేబుల్ మీద, పోటీ కోసం ఇద్దరూ కలిసి రంగులు వేస్తున్న బొమ్మలు ఆమె కంటపడ్డాయి.

"ఇవేంట్రా, ఈ రోగిష్టి బొమ్మలు? అన్నం తినే చోట?"

ఇరవై ఎనిమిదేళ్ళవాడు, బొమ్మలకి రంగులు వేస్తానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు.

"నావి కాదమ్మా. ఎవరో పిచ్చిపిల్ల. ఆమెకి ఇవే సరదా. తీసేస్తాలే."

గుమ్మం దగ్గర అలికిడి అయింది. తలుపు తీసే ఉంది. వానకోటుతో రేణు నిలబడి ఉంది, జెండా సైనికుడి కోసం కొత్త జెండా చేసి తెచ్చి.

"నమస్తే ఆంటీ" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అది ఉన్నా బావుండేది. బొమ్మల్ని ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుకుంది. వంతెనని మాత్రం వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాత అతని ఫోన్లు తీయలేదు. రెండు శనివారాలు షాపుకి రాలేదు.

రేణు వెళ్ళిపోయిన సాయంత్రమే లక్ష్మీపతి తల్లికి నిజం చెప్పాడు. ఆమె బల్ల మీద మిగిలిన వంతెన వైపు చూసింది.

"నాకు అబద్ధం చెప్పావు, సరే. నీకు అంత ఇష్టమైన పనిని, ఆ పిల్లని, ఒక్క మాటలో వదిలేసుకున్నావు చూడు. అది బాలేదు."

పోటీ రోజు వంతెనని ఒళ్ళో పెట్టుకుని కృష్ణకుమారి కారులో కూర్చుంది. ఆమే వస్తానంది.

షాపులో రేణు జెండా సైనికుడిని ఒక్కడినే లోపలికి తెచ్చి పోటీ బల్ల మీద పెట్టింది. లక్ష్మీపతి పక్కనే వంతెన పెట్టాడు. కృష్ణకుమారి కళ్ళజోడు సర్దుకుని ఆ ముసలివాడి మొహంలోకి వంగి చూసింది.

"ఇంత బాధలో ఉన్నవాణ్ణి ఇంత మర్యాదగా వేశావా తల్లీ" అంది మెల్లగా.

రేణు వేలితో జెండాని సరిచేసింది. ఆమె కళ్ళు తడిశాయి.

లక్ష్మీపతి తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఈ వంతెన నేను చేశాను. ఈ పని నాకు ప్రాణం. నాకు తెలిసినవాళ్ళలో దీన్ని ఇంత బాగా చేసేది రేణు ఒక్కతే. ఆమెని పిచ్చిది అన్నది నా పిరికితనం. నాకు ఆమె అంటే ఇష్టం."

కృష్ణకుమారి ఇద్దరినీ చూసి, "ఆ మూల డ్రాగన్ ఏదో ఉంది, చూసొస్తా" అని వెళ్ళిపోయింది.

"ఆంటీకి చెప్పావు" అంది రేణు. "నాకు చెప్పలేదు."

"నీ ముందే చెప్పాను కదా."

"నన్ను చూసి చెప్పు."

అతను ఆమె కళ్ళలోకి చూసి చెప్పాడు. సారీ కూడా చెప్పాడు. చూపు తిప్పుకోలేదు.

రేణు ముక్కు తుడుచుకుంది. "నేను ఇంకా కోపంలోనే ఉన్నా. ఒక వారం ఉంటా."

"ఉండు."

"ఈ వారం రోజూ ఫోన్ చెయ్యి. తీస్తాను. మాట్లాడను, వింటాను."

"మరి వారం తర్వాత?"

"మా అమ్మావాళ్ళు డిన్నర్‌కి పిలుస్తారు. ఆంటీని తీసుకురా" అంది రేణు. కారులో ఉన్న మిగతా సైన్యాన్ని తేవడానికి అతని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.